భూషణం మాస్టారు నేర్పని మాటలు

మేక పైడమ్మకి తొమ్మిదేళ్ళు. ఏ కాగితమైనా చదివాకే తింటుంది. విజయనగరంలో ఓ ట్యూషన్ సెంటర్ వెనకాల పెరిగింది మరి. లోపల పిల్లలు గొంతు చించుకుని వల్లించిన ఇంగ్లీషు మాటలు ఆమె చెవిలోకీ, వాళ్ళు పారేసిన పుస్తకాలు కడుపులోకీ చేరాయి. ఇప్పుడు ఓ పల్లెలో కోళ్ళ దొడ్లో ఉంటోంది.

ఆ దొడ్డికి కాపలా సీజర్ అనే కుక్క. పట్నంలో ఓ బంగళా నుంచి తెచ్చారు. ఆ బంగళావాళ్ళు ఒకరినొకరు తెలుగులో తిట్టుకుని, కుక్కతో మాత్రం ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు. అందుకని సీజర్‌కి తెలుగు ముక్క రాదు. చెప్పందే చెవి కూడా కదపడు. పోయిన వారం పట్టపగలు పొదల్లోంచి ఎవరో రెండు పెట్టల్ని లాక్కుపోతుంటే మిగతావి "దొంగ! దొంగ!" అని గోలపెట్టాయి. సీజర్ ఆవులించాడు. పైడమ్మ అప్పుడు చేలో మేతకి వెళ్ళింది.

మర్నాడే కంచె అవతల నక్క భూషణం ప్రత్యక్షమయ్యాడు.

"అయ్యో తల్లులూ, అది అడవిపిల్లి పని. కుక్కగారితో మాట్లాడాలంటే ఇంగ్లీషు రావాలి. వారంలో నేర్పేస్తాను. ఊరికే, సేవ!"

పెట్టలు మురిసిపోయాయి. పాఠం మొదలైంది: సిట్, స్లీప్, గుడ్ బాయ్, సారీ, థాంక్యూ. పుంజు తల ఊపాడు. "ఎంత మర్యాదైన భాష! మన ఆడవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది."

పైడమ్మ మేస్తూ దగ్గరకొచ్చింది. "మాస్టారూ, 'రా' అనడానికి ఏమంటారు? 'పట్టుకో' అనడానికి?"

"అవి పై క్లాసులో."

"మరి 'దొంగ'?"

"ఛీఛీ! సంసారపక్షం ఆడవాళ్ళ నోట రావలసిన మాటేనా?"

"దొంగ రావచ్చు గానీ, మాట రాకూడదా?"

"ఈ ముసలిదానికి గడ్డి చాలదు, చదువు కూడా కావాలట!" అన్నాడు భూషణం. పెట్టలు కిసుక్కున నవ్వాయి.

ఆ సాయంత్రం పైడమ్మ అందరిలోకీ పిరికిదైన నల్లపెట్టని పిలిచింది. "ఒసే లచ్చీ, ఆయన నేర్పినవాటిలో కుక్కని లేపే మాట ఒక్కటి చెప్పు."

లచ్చి ఒక్కో మాటా కాలివేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఒక్కటీ లేదు పిన్నీ."

మర్నాటి నుంచి గడ్డివాము వెనక రెండో బడి మొదలైంది. పలక లేదు, పుస్తకం లేదు. కమ్ అంటే వచ్చి తీరాలి. రన్ అంటే వాము చుట్టూ పరిగెత్తాలి. క్యాచ్ అంటే పైడమ్మ విసిరిన గింజ ముక్కుతో అందుకోవాలి. థీఫ్ అంటే రెక్కలు టపటపా కొట్టుకుంటూ అరవాలి.

"కూర్చుని నేర్చుకోకూడదా పిన్నీ?"

"భయమేస్తే బుర్ర ఎగిరిపోతుందే. కాళ్ళు మిగుల్తాయి. మాటలు వాటిల్లో దాచుకోండి."

లచ్చి మాత్రం థీఫ్ అని గుసగుసగా అంది. "గట్టిగా అరిస్తే పుంజుగారు నవ్వుతారు."

"గుడ్డు పెట్టినప్పుడు ఊరంతా వినేలా అరుస్తావు కదా. ఆ గొంతే ఇదీను."

ఏడో రోజు దొడ్డివాళ్ళు పైడమ్మని మేతకని తీసుకెళ్ళి దూరంగా చేలో గుంజకి కట్టేశారు. భూషణం కంచె దగ్గర చేతులు నులుముకున్నాడు. "ఇవాళ పరీక్ష. అందరూ కుక్కగారికి పాఠం అప్పజెప్పండి!"

మాస్టారి మాట తీసెయ్యలేక పెట్టలు కోరస్‌గా "సిట్! స్లీప్!" అన్నాయి. సీజర్ బుద్ధిగా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. భూషణం ఒక్క గెంతులో కంచె దాటి లచ్చి రెక్క పట్టుకున్నాడు. పుంజు ఇంటి కప్పెక్కాడు.

చేలోంచి పైడమ్మ చూసింది. అరిచింది. దొడ్డిదాకా వినబడలేదు. తాడు మెడకి బిగిసేదాకా లాగింది.

లచ్చి నోట మొదట వచ్చిన మాట "సారీ". ఈడ్చుకుపోతున్నవాడికి సారీ! అప్పుడు దాని కాళ్ళు గాల్లోనే పరుగు మొదలెట్టాయి. వాము చుట్టూ పరిగెత్తిన పరుగే. ఆ వెనకే, గుడ్డు పెట్టినప్పటి గొంతు:

"సీజర్, కమ్! థీఫ్! క్యాచ్!"

పెట్టలన్నీ అందుకున్నాయి. సీజర్ లేచాడు. పట్నం వదిలాక వాడికి పని చెప్పినవాళ్ళు వీళ్ళే.

"ఇది నేను నేర్పలేదే!" అని ఏడుస్తూ భూషణం లచ్చిని వదిలేసి కంచె దూకాడు. సగం తోక కుక్క నోట్లో ఉండిపోయింది. లచ్చి లేచి దులుపుకుంది. పోయినవి మూడు ఈకలు.

ఆ అరుపు చేలోకి వినబడింది. పైడమ్మ గుంజ వైపు జరిగి తాడు వదులు చేసుకుని, "అదీ గొంతంటే," అనుకుంది.

మర్యాద నేర్పడానికి వచ్చినవాడు ఏ మాటలు దాచాడో ముందు అడగాలి.

పైడమ్మ ఆ ఏడే గొర్రెల దొడ్లో ఇంకో బడి పెట్టింది. మొదటి రోజు పాఠం: నో.