పెట్రోలా డీజిలా అన్న పైడిరాజు

కూర్మయ్య గారు ఏ ప్రశ్నకూ కూర్చుని జవాబు చెప్పరు. శిష్యుడు సందేహం బయటపెట్టగానే కండువా భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, "పదండి" అంటారు. ఆత్మ అంటే ఏమిటని అడిగిన ఒకాయన్ని చేపల బజారుకు తీసుకెళ్ళారు. ఆయన అక్కడ ఏం తెలుసుకున్నాడో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. విశాఖలో, మధురవాడ దగ్గర, గురువుగారి మేడమీద ప్రతి ఆదివారం ఉదయం తత్త్వం క్లాసు జరుగుతుంది.

ఆ ఆదివారం లేచి నిలబడినవాడు పైడిరాజు, పోర్టులో ఇంజనీరు.

"గురువుగారూ, నెలల తరబడి నా మనసు రెండుగా చీలిపోయి ఉంది. ధ్యానంలో కూర్చున్నా అదే గొడవ. కొత్త కారు పెట్రోలుది తీసుకోమంటారా, డీజిలుది తీసుకోమంటారా?"

తత్త్వం క్లాసులో అడగాల్సిన ప్రశ్నేనా ఇది? పోనీ మిగతావాళ్ళు నవ్వి ఊరుకున్నారా అంటే అదీ లేదు. మగవాళ్ళ వైపు చాపలన్నీ ఒక్కసారి కదిలాయి. అరకు ఘాట్ రోడ్డు ఎక్కాలంటే డీజిలు లాగుడే వేరని ఒకాయన, పెట్రోలు బండి వెన్నలా పోతుందని ఇంకొకాయన. పైడిరాజు కన్నేసింది చూడ్డానికి రేసు బండిలా ఉండి లోపల ఇంటిల్లిపాదీ పట్టే కారు మరి, ఎవరికి మాత్రం నోరూరదు! అంతవరకూ జగత్తు మిథ్య అన్నవాళ్ళు ఇంజన్ల గురించి కండువాలు జారిపోయేలా వాదించుకున్నారు.

ఆడవాళ్ళ వైపు గోడకు ఆనుకుని కూర్చున్న సత్యవేణికి ఒళ్ళు మండిపోయింది. ఆమె పైడిరాజు భార్య. కొత్త బండి కోసం మర్నాడు షోరూంకి మార్పిడిగా వెళ్ళిపోతున్న పాత చిన్నకారు ఆమె నడిపేదే. అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, భర్తకు ఎప్పుడు చూసినా తీరికే లేకపోతే, నలభై దాటిన వయసులో ఆమె డ్రైవింగ్ నేర్చుకుంది. వెనకనుంచి హారన్లు కొట్టినవాళ్ళనీ, కిటికీలోంచి తలబెట్టి సలహాలిచ్చినవాళ్ళనీ ఓర్చుకుంది. ఇప్పుడేమో, "కొత్తదానికి పవరెక్కువ, నీ చేతిలో ఆగదు. నువ్వు ఆటోలో తిరుగు" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు పైడిరాజు. ముసలావిడ ఆటో మెట్టు ఎక్కలేదన్న సంగతి ఆయన బుర్రలోకే రాలేదు. ఊరందరినీ సలహా అడిగాడు, ఆఖరికి గురువునీ అడిగాడు. ఇంట్లో మనిషిని మాత్రం అడగలేదు.

"బండేదీ?" అన్నారు కూర్మయ్య గారు, చెప్పులు వెతుక్కుంటూ.

బండి కిందే ఉంది. షోరూం మేనేజరు తెలిసినవాడు కావడంతో నడిపి చూడమని ఆ పూటకు డీజిలుది ఇచ్చాడు. కొత్త బండిలో మొదట గురువుగారు కూర్చోవాలన్నది ఈ శిష్యుల ఆచారం. పైడిరాజు ఇంకా కొనని బండికే నిమ్మకాయలు కూడా సిద్ధం చేశాడు. గురువుగారిని ముందు కూర్చోబెట్టి తను స్టీరింగు పట్టుకున్నాడు. సత్యవేణి వెనక ఎక్కింది.

"రేపు కొన్నాక ఈ బండి రోజూ ఎటు తిరుగుతుందో అటే పోనీ నాయనా," అన్నారు కూర్మయ్య గారు. తర్వాత వెనక్కి తిరిగి, "నువ్వు మాత్రం నోరు మెదపకమ్మా," అన్నారు.

ఇక్కడా ఇదేనా! ఇంట్లో నోరు మూసుకున్నది చాలక గురువు దగ్గర కూడా మూసుకోవాలా? సత్యవేణికి కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పైడిరాజు నేరుగా హైవే ఎక్కించాడు. బండి రివ్వున దూసుకుపోయింది. "చూశారా లాగుడు!" అన్నాడు పొంగిపోతూ.

"ఇటు రోజూ వస్తావా?"

"రోజూ అంటే... ఏ పండక్కో పబ్బానికో. నాకు ఆఫీసు బస్సు ఉంది కదండీ. రోజూ అయితే పాపని బడికీ, అమ్మని ఫిజియోథెరపీకీ తిప్పాలి."

"మరి అటే పోనీ."

బడి గేటు ముందు బండి ఆగగానే వాచ్‌మన్ వచ్చాడు. పాప చదివే తరగతి చెప్పేసరికి తల అడ్డంగా ఊపాడు. "ఆళ్ళు ఈ బిల్డింగు కాదు బాబూ. కిందటేడే కొండవైపు కొత్త బిల్డింగులోకి మార్చీసారు."

పైడిరాజు బండి తిప్పాడు. తల్లికి ఆపరేషన్ జరిగిన పెద్దాసుపత్రి ముందు ఆపాడు. అక్కడ ఫిజియోథెరపీ లేదని అతనికే గుర్తొచ్చింది. ఎక్కడో లోపలి వీధిలో అనుకుంటానని గొణిగాడు. ఆఖరికి వెనక్కి తిరిగి భార్య మీద విసుక్కున్నాడు.

"అలా బొమ్మలా కూర్చుంటావేం? చెప్పొచ్చు కదా!"

"ఇప్పుడు అడుగుతున్నారా?" అంది సత్యవేణి. ఇక ఆగలేదు. "ఏటి చెప్పమంటారు? బడి ఎక్కడో తెలీదు, మీ అమ్మని ఎక్కడికి తీసుకెళ్తున్నానో తెలీదు. బండి గురించి మాత్రం అన్నీ తెలుసు! నేను తిరిగేవన్నీ ఇంటి చుట్టూ సందులే. ఇంజను వేడెక్కేలోపే ఆపాలి. రోజూ అలా తిప్పితే డీజిలు బండికి మసి పట్టేస్తుందని మీరు చూసే వీడియోల్లోనే చెప్తున్నారు, వంటింట్లోకి వినబడుతూనే ఉంది. ఎవరు నడుపుతారో తేల్చకుండా ఏది కొంటే ఏటి? అత్తయ్యని ఆటోలోకి మీరెత్తి కూర్చోబెడతారా రోజూ? నా బండి నేనివ్వను. కాదంటే ఇదే నా చేతికివ్వండి."

పైడిరాజు ముఖం కందగడ్డలా అయింది. గురువు వైపు తిరిగాడు. "అది కాదు గురువుగారూ... అసలింతకీ పెట్రోలా, డీజిలా? మీ నోటితో ఒక్క మాట చెప్పండి."

కూర్మయ్య గారు కండువా సర్దుకున్నారు.

"దిగు నాయనా. అమ్మాయిని స్టీరింగు దగ్గర కూర్చోనిచ్చి, నువ్వు వెనక్కి వెళ్ళు. అక్కడ కూర్చుని తననే అడుగు."