టామ్ హాడ్లీకి పడని ఓట్లు

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పే అలవాటు యేసేపు సార్‌కు లేదు. గుంతకల్లు మైదానంలో మాకందరికీ ఫుట్‌బాల్ నేర్పిన గురువు ఆయన. ఏదడిగినా "సరే, బూట్లు కట్టుకో" అనేవారు. మాకు ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం దస్తగిరి ఫోను పట్టుకుని ఏడుపు ముఖంతో వచ్చాడు. వాడు డిఫెండరు. మీదికొచ్చేవాడి కాళ్ళ దగ్గర నుంచి బంతి లాక్కోవడమే వాడి పని. ఇంగ్లండులో ఆడే టామ్ హాడ్లీ అనే డిఫెండరంటే వాడికి ప్రాణం. అతను ఆడే క్లబ్బువాళ్ళు "మీకు ఇష్టమైన ఆటగాడెవరు?" అని అభిమానులను అడిగారట. గోల్స్ కొట్టేవాడికి ఓట్లు కుప్పలుగా పడ్డాయి. జట్టు మొత్తంలో హాడ్లీ అట్టడుగున ఉన్నాడు.

"ఇన్నేళ్ళు క్లబ్బును కాపాడినవాడి గతే ఇదైతే, నన్నెవరు చూస్తారు సార్? రేపు జిల్లా జట్టు ఎంపికలో గోల్స్ కొట్టే ఫార్వర్డుగా నిలబడతా. తప్పా?"

"సరే, బూట్లు కట్టుకో," అన్నారు సార్.

ఫార్వర్డుగా నిలబడితే వాడు రేపు ఉత్త చేతులతో ఇంటికొస్తాడని మాకందరికీ తెలుసు. వాడి కాలితో గోల్ పడగా చూసినవాడు లేడు. ఆ మాట వాడి ముఖాన చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

మా మైదానంలో ఒక కట్టుబాటు ఉండేది. ఓడిన జట్టు మరునాడు పొద్దున్నే బిందెలతో నీళ్ళు మోసి, దుమ్ము అణిగేలా మైదానమంతా చల్లాలి. అందుకే జట్లు పంచుకునేటప్పుడు మొహమాటాలు ఉండవు, సొంత తమ్ముణ్ణయినా వదిలేస్తారు. ఆ రోజు ఇద్దరు నాయకుల్లో ముందుగా ఆటగాణ్ణి పిలుచుకునే వంతు సార్ ఓబులేసుకు ఇచ్చారు. ఓబులేసు మా ఫార్వర్డు. వాడు గోల్ కొడితే గోడమీద కూర్చున్న జనం పేరు పెట్టి మరీ ఈలలు వేస్తారు.

ఓబులేసు మావైపు చూడను కూడా చూడలేదు. "దస్తగిరి" అన్నాడు.

దస్తగిరి ముఖం వెలిగిపోయింది. "ఫార్వర్డుగానేనా?"

"నీ ఫార్వర్డు పాడుగాను! నువ్వు అవతలుంటే నాకు గోల్ పడదురా." ఓబులేసు మేజోడు దించి, పోయిన ఆదివారం కమిలిన పిక్క చూపించాడు.

అవతలి జట్టు నాయకుడు నసీరు తల పట్టుకున్నాడు. "అన్యాయం సార్! నేనూ వాణ్ణే పిలుద్దామనుకున్నా."

నేను నసీరు జట్టులో పడ్డాను. బిందెలు తప్పవని అప్పుడే తెలిసిపోయింది. అయినా దస్తగిరి ఫోనును సంచిలో పడేసి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి తన గోలు ముందు కాళ్ళు పాతుకుని నిలబడితే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

సార్ ఈల నోటిదాకా తెచ్చి ఆగారు.

"ఒరే దస్తగిరీ, ఆ ఓట్లేసినోళ్ళలో టామ్ మీదికి బంతి తీసుకుపోయినోడు ఒక్కడన్నా ఉన్నాడేమో కనుక్కోరా," అన్నారు.