దివ్వెతల్లి గుడికి తూర్పు గోడ లేని కారణం

1942 ఏప్రిల్ 6, సోమవారం. పొద్దుటి నుంచి ఒకటే ఉక్క. మధ్యాహ్నం మూడు దాటాక దక్షిణపు గాలి లేచి సముద్రం మీద మసక కమ్మింది. రాళ్ళపేట దిబ్బ మీది దివ్వెతల్లి గుడికి మూడే గోడలేమిటని అడిగే భక్తులకు ముందుగా చెప్పవలసినవి ఈ తేదీ, ఈ గాలి.

గుడి లేని ఆ కాలంలో ఇక్కడ ఒక వెదురు గడ, దానికి ఒక లాంతరు ఉండేవి. సూరాడ అసిరమ్మ రోజూ సందెవేళ దానిని వెలిగించేది. రేవు పక్కన నీటిలో మునిగిన రాళ్ళున్నాయి. ఆ వెలుగును ఎడమకు పెట్టుకుని వస్తేనే పడవ ఒడ్డు చేరుతుంది. అసిరమ్మ విక్టోరియా రాణి చనిపోయిన ఏడు పుట్టింది. 1918 జ్వరాలకు తల్లిదండ్రులు పోయారు. (ఆ జ్వరం యుద్ధం నుంచి వచ్చిన సిపాయిల వెంట వచ్చిందని పెద్దలు అనేవారు, ఆ యుద్ధం ఎక్కడిదో వారికీ తెలియదు.) ఇక ఆమెకు మిగిలినవారు భర్త, గురువులు అనే కొడుకు. ఇద్దరూ ఆ రోజు పడవలో చేపల వేటకు వెళ్ళారు.

ఆ పగలే విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. తీరంలో దీపం కనపడరాదని సాయంత్రం చాటింపు వేశారు. అసిరమ్మ అగ్గిపుల్ల గీయబోతుంటే ఊరిపెద్ద ఎర్రయ్య వచ్చాడు.

"ఒగ్గేయే అసిరీ. దీపం సూసి మన మీదేస్తే ఊరంతా పోతాది."

"మావోలు నీటి మీదున్నారు మావా."

"ఆలకి రేవు తెలవదేటి? నువ్వు కాపరానికి రాకముందు నీ మొగుడు ఇల్లు సేరలేదేటి?"

ఆమె అగ్గిపెట్టె కొంగున ముడివేసుకుంది. పడవ రాళ్ళకు కొట్టుకుంది. తెల్లవారాక చెక్కలు వచ్చాయి, మనుషులు రాలేదు.

మరునాటి సందె నుంచి ఆమె దీపం మానలేదు. జవాన్లు రెండుసార్లు గడ విరిచారు, మళ్ళీ పాతింది. యుద్ధం ముగిసింది, దొరలు వెళ్ళిపోయారు, కొత్త రాష్ట్రం వచ్చింది. ఆమె లాంతరు తుడుస్తూనే ఉంది. 1969లో చంద్రుడి మీద మనిషి కాలు పెట్టాడని రేడియోలో విన్న ఒకాయన వచ్చి చెబితే, "ఆడ నుంచి సూస్తే మా పడవ అగుపడతాదేటి బాబూ?" అని అడిగింది. 

మరుసటి ఏడు ఆమె పోయింది. ఆమె కూర్చునే చోటనే ఆమెను దివ్వెతల్లిగా కొలుస్తూ గుడి కడుతుంటే మేస్త్రీ కలలోకి వచ్చి, సముద్రానికి అడ్డు పెట్టవద్దన్నదట. అందుకే తూర్పు గోడ లేదు.

నేటికీ పేట ఆడవాళ్ళు వంతులవారీగా సందెదీపం వెలిగిస్తారు. దూరాన ఉన్నవారి కోసం ఇక్కడ నూనె పోసి మొక్కితే ఎదురుచూపు తగ్గుతుందని నమ్మకం. పోతూ అసిరమ్మ చెప్పిన పంపకం ప్రకారం గుడిసె పొరుగింటి చిన్నమ్మికి, లాంతరు ఊరికి దక్కాయి. ఎర్రయ్య ఇంటికి ఏమీ లేదు, దీపం వెలిగించే వంతు కూడా లేదు. ఆ ఇంటి ఆడవాళ్ళు తమ మగవాళ్ళు వేటకు వెళ్ళిన రోజున నూనె తెచ్చి, పక్కవారి చేతికిచ్చి, దిబ్బ కిందనే నిలబడి దీపం వెలిగేదాకా చూసి పోతారు.