హరిలూటు

సుదాంకి ఏడుపు రాదు.

అదేం కష్టం, హాయే కదా అంటారేమో. బెంగాల్లో, గంగ ఒడ్డున, పొద్దస్తమానం కీర్తనలు పాడుకునే వైష్ణవ మఠంలో చేరి చూడండి, తెలుస్తుంది. అక్కడ ఖోల్ అనే మట్టి మద్దెల మీద మొదటి దెబ్బ పడగానే సగంమంది కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఇక కృష్ణుడు గోకులం విడిచి మథురకి వెళ్ళిపోయే పాట ఎత్తుకున్నారా, ముసలీ ముతకా, ఆడా మగా అందరూ వెక్కి వెక్కి ఏడుస్తారు. కొందరైతే ముంగిట్లో దుమ్ములో పడి దొర్లుతారు. ఆ జనం మధ్య సుదాం ఒక్కడే పొడి కళ్ళతో తాళాలు వాయిస్తూ, ఎవరి పెళ్ళికో పిలవకుండా వచ్చినవాడిలా నిలబడేవాడు.

పనికిమాలినవాడా అంటే కాదు. మఠానికి వచ్చి మూడేళ్ళయింది. నదినుంచి నీళ్ళు మోస్తాడు, ముంగిలి అలుకుతాడు, గొంతు కూడా బావుంటుంది. ఆ ఒక్క కన్నీటి చుక్కే లేదు.

వాడు గానుగవాళ్ళ పిల్లాడు. తల్లి పోయిన రోజున ఇంటినిండా ఏడుపులైతే, వీడు చెంబు పట్టుకుని తిరుగుతూ, ఏడ్చి ఏడ్చి గొంతెండిన వాళ్ళందరికీ మంచినీళ్ళు అందించాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "కన్నతల్లి పోతే నీళ్ళు పంచుతున్నాడమ్మా! వాడిది గుండె కాదు, గానుగ మొద్దు" అన్నారు. ఆ మాట వాడికి లోపలెక్కడో దిగబడిపోయింది. నిజంగానే నాకు గుండె లేదేమో అనుకున్నాడు పాపం. ఉందో లేదో తేల్చుకుందామనే మఠానికి వచ్చాడు.

ఏటా ఫాల్గుణ మాసంలో అక్కడ మూడు రోజులు కీర్తన జరుగుతుంది. మూడో రోజు మధ్యాహ్నం గురువు కుంజవిహారి బాబాజీ శిష్యుల్లో ఒకరికి తెల్లబట్ట ఇస్తారు. అది అందుకున్నవాడు ఇక జీవితాంతం మఠంవాడే. ఈసారి సుదాంకే అని అందరూ అనుకుంటున్నారు. వాడికి మాత్రం అన్నం సయించడం లేదు. ఇంతమంది ఎదుట, ఈ పొడి కళ్ళతో, ఏ మొహం పెట్టుకుని ఆ బట్ట అందుకోవాలి?

రెండో రోజు పొద్దున వాడో పని చేశాడు. ఇంటి దగ్గర గానుగ చూసుకునే అన్న పంపిన కొత్త ఆవనూనె వేలికి రాసుకుని, ఎవరూ చూడకుండా రెండు కళ్ళ కొసలకీ అద్దుకున్నాడు. అబ్బో! ఇంక చూడండి, కళ్ళు చింతనిప్పులైపోయాయి, ధారలు కట్టాయి. "ఆహా, సుదాంకి భావం కలిగింది!" అన్నారు జనం. జమీందారుగారి గుమస్తా అంతటివాడు వంగి కాళ్ళు పట్టుకున్నాడు. ఒక తల్లి వీడి పాదాల కింది దుమ్ము తీసి, జబ్బుతో ఉన్న తన బిడ్డ నుదుట రాసింది.

అది చూసేసరికి సుదాం ప్రాణం చచ్చిపోయింది. నదికి పరిగెత్తి మొహం కడుక్కున్నాడు. ఎంత కడిగినా సిగ్గు పోలేదు.

మూడో రోజు పొద్దున్నే మూట కట్టుకుని బాబాజీ దగ్గరికి వెళ్ళాడు. ఆయన తులసిమాల తిప్పుతూ అరుగు మీద కూర్చున్నారు. హరి పేరు వింటే చాలు, ఆయన కళ్ళు ఊటబావులు. ఆ కళ్ళలోకి చూడలేక సుదాం నేలచూపులు చూశాడు.

"బాబాజీ, నిన్న నేను ఏడ్చింది దొంగ ఏడుపు."

"తెలుసు. నిన్న నా పక్కనే నిలబడి పాడావు. ఆవనూనెలో వేయించిన వంకాయ వేపుడు వాసన వచ్చింది."

ఆ మాటకి మరొకడైతే నవ్వేవాడు. సుదాంకి నవ్వూ రాలేదు.

"వెళ్ళిపోతాను బాబాజీ. అమ్మ పోతే ఏడవలేదు. మూడేళ్ళుగా రోజూ కృష్ణుడు వెళ్ళిపోతున్నాడు, ఆయనకీ ఏడవలేదు. నాలాంటి మొద్దుకి ఆ బట్ట ఇవ్వకండి."

బాబాజీ వద్దనలేదు, ఓదార్చలేదు. "మధ్యాహ్నం దాకా ఉండు. ఇవాళ హరిలూటు నువ్వు వెయ్యి. వేసి వెళ్దువుగాని" అన్నారు.

హరిలూటు అంటే చెప్పాలి. కీర్తన ముగిశాక ఒకరు వేదిక ఎక్కి, బుట్టలోంచి బతాసాలు గుప్పిళ్ళతో పైకి విసురుతారు. చక్కెర పాకం చుక్కలుగా పోసి ఆరబెట్టిన తెల్లటి బిళ్ళలవి. హరి ప్రసాదం కదా, ఎవరికెన్ని దొరికితే అన్ని దోచుకోవచ్చు. గుమస్తా లేదు, కూలీ లేదు, తోసుకుంటారు, ఎగిరి పట్టుకుంటారు, మట్టిలోంచి ఏరుకుని తింటారు. విసిరే భాగ్యం మాత్రం ఎప్పుడూ బాబాజీదే. అలాంటిది బుట్ట సుదాం చేతికొచ్చేసరికి తోటి శిష్యులు మొహమొహాలు చూసుకున్నారు.

సుదాం వేదిక ఎక్కి "హరిబోల్!" అని మొదటి గుప్పెడు విసిరాడు. జనం గొల్లున మీద పడ్డారు.

రెండో గుప్పెడు విసరబోతూ చూశాడు. ఆ చివర, వడ్లు దంచే పాక పక్కన, ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పేరు క్షాంతమణి, పక్క ఊళ్ళో అడుక్కుని బతికే విధవరాలు. వాతంతో రెండు కాళ్ళూ ముడుచుకుపోయాయి. చేతుల మీద జరుగుతూ వచ్చినట్టుంది, మోచేతులనిండా మట్టి. చీరచెంగు ఒళ్ళో పరుచుకుని, తలెత్తి బతాసాల వైపే చూస్తోంది.

సుదాం అటు గురిపెట్టి విసిరాడు. ఒక పొడుగుపాటి మనిషి మధ్యలోనే అందుకున్నాడు. ఇంకా బలంగా విసిరాడు. ఒకటి వెళ్ళి ఆవిడ మోకాలి ముందే పడింది. ఆవిడ వంకర వేళ్ళు చాపేలోపు ఎవరో తన్నుకుపోయారు. ఆవిడ చెంగు మళ్ళీ సర్దుకుంది.

సుదాం చెయ్యి ఆగిపోయింది.

"ఏమయ్యా, చెయ్యి పడిపోయిందా? వెయ్యి, వెయ్యి!" అని కింద కేకలు.

వాడు బుట్ట గుండెకి హత్తుకుని వేదిక దిగాడు. బుట్టలో చేతులు పెట్టబోయినవాళ్ళని మోచేత్తో నెట్టుకుంటూ తిన్నగా పాక దగ్గరికి వెళ్ళి, ఆవిడ ముందు గొంతుక్కూర్చుని గుప్పెడు బతాసాలు చాపాడు.

"తీసుకో మాసీ." తల్లి వయసు ఆడవాళ్ళని అక్కడ అలాగే పిలుస్తారు.

ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది.

"వద్దు నాయనా. చేతికిస్తే అది భిక్షం. భిక్షం నాకు రోజూ దొరుకుతుంది. నేనొచ్చింది లూటుకి. పైనుంచి పడాలి, నేను దోచుకోవాలి. పదకొండేళ్ళ నుంచీ వస్తున్నా, ఒక్కటీ నా ఒళ్ళో పడలేదు. నా రాత, నువ్వేం చేస్తావులే."

సుదాం లేచి నిలబడ్డాడు. వెనకాల మూగిన జనం వైపు తిరిగి, "ఇటు ఎవరైనా చెయ్యి చాపారో, మర్యాద దక్కదు!" అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచనివాడు అలా అరిచేసరికి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

వాడు బుట్టని ఆవిడ తలమీద ఎత్తిపట్టి, "హరిబోల్!" అంటూ ఒంచేశాడు.

నెత్తిమీద, భుజాలమీద, ఒళ్ళో, చుట్టూ దుమ్ములో, బతాసాలే బతాసాలు. క్షాంతమణి ఒక్క క్షణం బిత్తరపోయింది. తరవాత రెండు వంకర చేతులతో ఎగబడింది. "ఇది నాదే! ఇదీ నాదే! పోవే అవతలికి!" అంటూ పక్కనున్నామె చేతిని ఫట్టుమని కొట్టింది. నోటినిండా బతాసాలు కుక్కుకుని, పళ్ళు లేని నోటితో పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు చూసి ముంగిలంతా మళ్ళీ ఏడుపు అందుకుంది. గుమస్తా సరేసరి, పైపంచె తడిసేలా ఏడ్చాడు.

సుదాం ఏడవలేదు. వంగి నేలంతా వెతుకుతున్నాడు.

"మాసీ, అదుగో, ఆ గుంజ వెనకాల ఇంకోటి దొర్లింది. అదీ నీదే."

అన్నీ అయ్యాక ఖాళీ బుట్ట తీసుకెళ్ళి బాబాజీ పాదాల దగ్గర పెట్టాడు. మూట చంకన పెట్టుకున్నాడు.

"వేశాను బాబాజీ. పదకొండేళ్ళుగా వస్తున్నా ఒక్కటీ దక్కలేదట మాసీకి. ఇంక సెలవు." వెళ్ళబోతూ, చిన్నగా, "ఇప్పుడు కూడా రాలేదు" అన్నాడు.

బాబాజీ లేచి తెల్లబట్ట మడత విప్పి వాడి భుజాల చుట్టూ కప్పారు.

"పదకొండేళ్ళూ ఆ లూటు వేసింది నేనే, సుదాం. ఏడుస్తూ వేశాను. ఆవిడ అక్కడ కూర్చుంటుందని నాకు ఇవాళే తెలిసింది."