గోడకు ఇటువైపు కొమ్మలు

పేరిశాస్త్రి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే వెంటనే బదులు చెప్పేవారు కాదు. వక్కపలుకు నోట్లో వేసుకుని, అది నానేదాకా ఎదుటివాడి ముఖం చూసేవారు. ఆ చూపుకి తట్టుకోలేక సగం మంది తమ ప్రశ్నను తామే వెనక్కి తీసుకునేవారు. సుందరేశం మాత్రం ఆ రోజు తీసుకోలేదు. అతనికి కడుపు మండిపోతోంది.

మండదా మరి. పదకొండేళ్లుగా ఆయన దగ్గర పురాణం చెప్పడం నేర్చుకుంటున్నాడు. మొన్న మొన్న వచ్చిన దక్షిణామూర్తికి ఈ వైశాఖమాసం పురాణం అప్పగించారు గురువుగారు. ఆ పీఠం తనదేనని సుందరేశం అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు కూడా. దక్షిణామూర్తి ఎప్పుడు పురాణం చెప్పినా ముందు వరసలో కూర్చుని, అతని తప్పులన్నీ ఒక నోటు పుస్తకంలో ఎక్కించి, పదిమందిలో చదివి వినిపించడం ఇతనికి మహా ఇష్టమైన పని. ఆ పుస్తకం అట్ట మీద దక్షిణామూర్తి పేరే ఉండేది. అతను తల వంచుకుని అన్నీ విని, ఒకసారి చూసి ఇస్తానని పుస్తకం అడిగి పట్టుకెళ్లేవాడు.

ఆ పుస్తకం చంకలో పెట్టుకునే సుందరేశం అడిగాడు: "ఇన్ని తప్పులు చెప్పినవాడు నాకంటే ముందుకి ఎలా వచ్చాడు గురువుగారూ?"

శాస్త్రి గారు వక్క నమిలి, మా పెద్దమ్మ మంగతాయారు సంగతి నీకు చెప్పానా అంటూ మొదలుపెట్టారు.

మంగతాయారుది అమలాపురంలో చిన్న పెంకుటిల్లు. రెండు చాపలు పరిచినంత పెరడు, అందులో ఒక మల్లెపొద. గోడ అవతల రత్తమ్మ పెరట్లోనూ ఒకటి ఉండేది. రెండూ ఒకే తల్లిచెట్టు అంట్లు. మాఘమాసంలో రత్తమ్మ తన పొదని కత్తిరించి, ఆకు దూసేసి, నీళ్లు మానేసింది. పుల్లలు మిగిలాయి. మంగతాయారు గోడ మీంచి చూసి అయ్యో అనుకుంది. తన పొద మీద కత్తెర పెట్టడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసింది, ఆకుల మీద దుమ్ము తుడిచింది. ఈ వేసవికి మన చెట్టు మొగ్గలతోనే నీకు పూలజడ అని ఎనిమిదేళ్ల కూతురు పాపాయికి మాట ఇచ్చింది.

చైత్రం వచ్చింది. రత్తమ్మ పుల్లలు చిగిర్చి విరగబూశాయి. మంగతాయారు పొద పచ్చగా గుబురుగా పెరిగి ఒక్క మొగ్గ కూడా వేయలేదు. రత్తమ్మ కూతురు పూలజడ వేయించుకుని, వెనక అద్దం పెట్టి ఫోటో తీయించుకుని, వీధంతా తిరిగింది. పాపాయి వాకిట్లో నిలబడి తన ఉత్త జడని ముందుకు లాక్కుని చూసుకుంది. రత్తమ్మ గిన్నెడు మొగ్గలు గోడ మీంచి అందించబోతే, మా పిల్లకు మల్లెలు పడవు, తలనొప్పి వస్తుంది అని మంగతాయారు తిప్పి పంపేసింది. నాకెప్పుడు వచ్చిందమ్మా తలనొప్పి అని పాపాయి అడిగింది. ఆ మాటకి పిల్ల వీపున ఒకటి పడింది.

సాయంత్రం గాలి తిరిగితే చాలు, పక్కింటి మల్లెల వాసన నేరుగా మంగతాయారు వంటింట్లోకే వచ్చేది. ఆమె కిటికీ మూసుకుని ఉక్కలో వంట చేసేది. మొదటి పూత అయిపోయాక ఒక మధ్యాహ్నం, వీధంతా కునుకు తీస్తుండగా, ఆమె కత్తెర పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. గోడ దాటి ఇటు వాలిన రత్తమ్మ కొమ్మలన్నిటికీ కొసలు కత్తిరించింది. ఆకు కూడా మిగలకూడదని దూసి పారేసింది. అంత శ్రద్ధగా ఆమె జన్మలో ఏ మొక్కకీ సేవ చేయలేదు అన్నారు శాస్త్రి గారు. ఆ పూట ఆమె కడుపు నిండా అన్నం తింది.

నెల తిరక్కుండానే ఆ పుల్లలు చిగిర్చాయి. గోడకు అటువైపు కొమ్మలు ఊరికే ఉంటే, ఇటువైపువి మొగ్గల బరువుకి వంగిపోయాయి. రత్తమ్మ పళ్లెం పట్టుకుని వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుంది మంగతాయారు.

"అక్కయ్యా, ఇటువైపు నా చెయ్యి అందదు. పూత కాగానే కత్తిరించాలి, ఎవర్ని పిలవాలా అనుకుంటూంటే మీరే చేసి పెట్టారు. తలనొప్పి వస్తే వచ్చిందిలెండి, ఈ ఒక్కసారికీ పాపాయికి జడ వెయ్యనివ్వండి."

జడ కుట్టింది రత్తమ్మే. మంగతాయారు పక్కన కూర్చుని దారం అందించింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. అయినా కుళ్లు పోలేదు. పిల్ల జడ చూసి మురిసిపోతూనే, ఆ పూలు పక్కింటివి కదా అని లోలోపల ఏడ్చింది.

శాస్త్రి గారు అక్కడితో ఆపేశారు. సుందరేశం నేల చూపులు చూస్తూ, మరి ఆవిడ పొద ఎప్పుడైనా పూసిందా అని అడిగాడు. ఆయన అతని చంకలోని పుస్తకం వైపు చూశారు.

"అది దక్షిణామూర్తికి ఇచ్చెయ్యి. నువ్వింకోటి కొనుక్కో. ఈసారి అట్ట మీద నీ పేరు రాసుకో."