రంగు దిగని చిలుక

అనగనగా ఏడు సముద్రాలకి ఇవతలి ఒడ్డున జయకేతుడనే రాజుగారు ఉండేవారు. ఆయనకి విరజాదేవి అనే రాణి, ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మట్టిలో కుస్తీలు పట్టేవాడు. రెండోవాడు బురదలో గుర్రం తోలేవాడు. మూడోవాడు మణికేతు నేరేడు చెట్లెక్కి ఒంటినిండా రసం పూసుకొచ్చేవాడు. రాజుగారు పూటకో పంచె మార్చేవారు. అందరూ విడిచిన బట్టలు విడిచినట్టే పెరట్లో పడేసేవారు.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. రాజుగారింటి బట్టలు రాణిగారి చేత్తోనే ఉతకాలి! ఎందుకని ఎవరూ అడగలేదు. ఉతికేది వాళ్లు కాదు కదా!

ఒకరోజు మణికేతుకి తల్లి మీద జాలేసింది. తనే బట్టలు నానబెట్టాడు. ఎర్రటి కొత్త చీరనీ, తండ్రి తెల్ల పంచెల్నీ ఒకే తొట్టిలో వేశాడు. మర్నాడు రాజుగారు గులాబీరంగు పంచెతో సభకి వెళ్లారు!

రాణి పకపకా నవ్వింది. "కొత్త రంగు బట్టని ముందు తడి తెల్లగుడ్డతో అద్ది చూడాలి కన్నా. రంగు అంటిందంటే దాన్ని వేరే ఉతకాలి."

నవ్విందే గాని, పెరట్లో కుప్ప చూసేసరికి ఆమెకి కళ్లనీళ్లు వచ్చాయి. "ఈ గుట్టని ఎవరైనా మాయం చేస్తే ఏమడిగినా ఇస్తాను!" అంది.

ఆ మాట ఏడు సముద్రాల అవతల గండశిలుడనే మాంత్రికుడి చెవిన పడింది. గాలిలా వచ్చాడు. "మాయం!" అన్నాడు. బట్టల గుట్ట మాయం! "అడుగుతున్నాను, నువ్వు కావాలి" అన్నాడు. రాణీ మాయం!

పెద్దవాడు తొడ చరిచి తల్లి కోసం వెళ్లాడు. తిరిగి రాలేదు. రెండోవాడు మీసం దువ్వి వెళ్లాడు. తిరిగి రాలేదు. "నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు మణికేతు. రాజుగారు మాసిన పంచెతోనే కొడుకుని కౌగిలించుకున్నారు.

పోగా పోగా దారిలో ఒక గాడిద పెద్ద మూట కింద నలిగిపోతూ కనిపించింది. మణికేతు ఆ మూట విప్పి, మూడు చిన్న మూటలు కట్టి, రెండు గాడిద మీద వేసి, ఒకటి తను మోశాడు. "బరువు అదే, పంచుకునేసరికి ప్రాణం హాయిగా ఉంది! ఈ మూటలు రేవులో దించేసి నీ వెంటే వస్తాను రాకుమారా" అంది గాడిద. సముద్రపు ఒడ్డున ఒక తాబేలు వలలో చిక్కుకుంది. మణికేతు ముడులు విప్పాడు. "ఎక్కు నాయనా" అంది తాబేలు. మణికేతు ఎక్కాడు. గాడిదా ఎక్కింది. "నిన్ను పిలిచానా?" అని గొణుక్కుంటూనే తాబేలు ఏడు సముద్రాలూ దాటించింది.

అవతల ద్వీపంలో కొండంత బట్టల కుప్ప! దాని పక్కన రాణి, ఆమెతో పాటు హేమాంగి అనే రాకుమారి. ఆ అమ్మాయీ ఇలాగే విసుక్కుని మాట జారి మాంత్రికుడికి చిక్కింది.

"వీడి మంత్రానికి బట్టలు మాయమవుతాయి గాని మురికి వదలదు కన్నా. అందుకే మనుషుల్ని ఎత్తుకొస్తాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉందట" అని రాణి కొడుకు చెవిలో చెప్పింది.

గండశిలుడు గుర్రుమంటూ వచ్చాడు. "ఒరేయ్ కుర్రకుంకా! మూడు పనులు. పొద్దుగూకే లోపు ఇవన్నీ ఉతకాలి, ఆరేయాలి, నా చిలుకని పట్టాలి. గెలిస్తే అందర్నీ తీసుకుపో. ఓడితే, మీ అన్నల్లాగే ఉతుకుడు బండవై పడుంటావు!"

మణికేతు ఒక్కో బట్టా లాగలేదు. కొండని మూడు కుప్పలు చేశాడు: తెల్లవి, రంగువి, బురదవి. బురదవి ముందు నానబెట్టాడు. అవి నానేలోగా తెల్లవి అందుకున్నాడు. తను ఉతికాడు, తల్లి జాడించింది, హేమాంగి పిండింది, గాడిద మోసింది.

"తమ్ముడూ, మెల్లగా బాదరా! నా నడుము!" అంది ఒక బండ.

"గుర్రమెక్కి బురద చల్లుకున్నప్పుడు తెలీలేదా చిన్నన్నయ్యా?" అని మణికేతు మరొక్కటి గట్టిగా బాదాడు.

మొదటి పని అయింది! కానీ ద్వీపంలో ఒక్క దండెమూ లేదు. తాబేలు నీళ్లలోకి తల పెట్టి బంధువుల్ని కేకేసింది. తాబేళ్లన్నీ ఒడ్డుకొచ్చి ఎండలో పడుకున్నాయి. కాలిన పెంకుల్లాంటి వీపుల మీద బట్టలు చకచకా ఆరిపోయాయి. ఒక్క తెల్ల దుప్పటి మాత్రం ఆరేసినా ఇంకా తడిగానే ఉంటే, రాణి దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

మాంత్రికుడు పళ్లు నూరి తోట తలుపు తీశాడు. లోపల గడ్డి మీద ఒక్కచోటే గుంపుగా చిలుకలు! "వీటిలో నిజమైన చిలుక ఒక్కటే. మిగతావన్నీ రంగేసిన పిచ్చుకలు, గోరింకలు. చెయ్యి ఒక్కసారే వెయ్యాలి!"

పొద్దు వాలుతోంది. మణికేతు చిలుకలన్నిటినీ కలయజూశాడు. తల్లి వైపు చూశాడు. ఆమె ఒళ్లో తడి దుప్పటి. గులాబీరంగు పంచె గుర్తొచ్చింది!

"హేమాంగీ, ఆ కొస పట్టుకో!"

ఇద్దరూ దుప్పటిని చిలుకల మీద పరిచారు. మెల్లగా అద్ది, పైకెత్తారు. దుప్పటంతా పచ్చటి మరకలే! ఒక్కచోట మాత్రం తెల్లగా ఉంది. అక్కడ కూర్చున్న చిలుక మీదికి మణికేతు చెయ్యి వేశాడు.

"మోసం! చెయ్యి ఒక్కసారే అన్నాను!"

"ఒక్కసారే వేశాను. దుప్పటి వెయ్యొద్దని నువ్వు చెప్పలేదుగా!"

చిలుక గుప్పిట్లో ఉంటే మాంత్రికుడు ఏం చేస్తాడు? బండల్ని అన్నలుగా మార్చాడు. బట్టలన్నీ మడతపెట్టాడు. "నా ప్రాణం తియ్యకు" అని కాళ్ల మీద పడ్డాడు.

"తియ్యను. చిలుక మా ఇంట్లో జామపళ్లు తింటుంది. నీ బట్టలు నువ్వే ఉతుక్కో!"

తాబేళ్లు అందర్నీ ఒడ్డు చేర్చాయి. మణికేతు తనని పెళ్లాడమని అడిగితే హేమాంగి అంది: "మీ ఇంటి ఆచారం మారితేనే!"

పెళ్లి అంగరంగ వైభవంగా జరిగింది. వసంతాలాడి అందరూ పసుపునీళ్లలో తడిసి ముద్దయ్యారు. మర్నాడు పెరటి గుమ్మంలో మూడు గంపలు వెలిశాయి: తెల్లవాటికి, రంగువాటికి, బురదవాటికి. పెరట్లో పీట వేసుకుని, పంచె ఎగగట్టి, రాజుగారే ముందు కూర్చున్నారు.

"రాణీ, పసుపు మరక ఎలా పోతుంది?"

"ఎండలో ఆరేస్తే పోతుందండీ" అంది విరజాదేవి, తన పెళ్లయ్యాక మొదటిసారి ఆ పెరట్లో తీరిగ్గా ఊయలూగుతూ.

తరవాత మణికేతు, హేమాంగి చాలాకాలం రాజ్యమేలారు. ఆ ఇంట్లో మళ్లీ గుట్ట పెరగలేదు. కథ దండెమెక్కి ఆరుతోంది, మనం మన గంప సంగతి చూద్దాం పదండి!