నార తీసే రోజు

సింహాద్రాచార్యులు ఏ ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఆ సంగతి తెలిసి కూడా, శిష్యులందరిలోకీ నోరున్న మందాకిని ఆ ఉదయం ఆయన ఎదుట నిలబడి నిలదీసింది.

“కుళ్లినదాన్ని ఇంట్లో ఎందుకు ఉంచుకోవాలి గురువుగారూ?”

ఆమె మాట కూర్మయ్య గురించి. తోటి శిష్యుడు రాసిన వ్యాఖ్యానాన్ని తనదేనని సభలో చదివి దొరికిపోయాడు. తప్పు ఒప్పుకున్నాడు. పది రోజులుగా వసారా చివర ఒంటరిగా కూర్చుంటున్నాడు. ఇక్కడి నుంచి వెళ్లగొడితే అతన్ని మరే గురువూ చేర్చుకోడు.

“నువ్వే తేల్చు. పొమ్మంటే పంపేస్తాను. ముందు వెళ్లి, గోగు పండించే అసిరమ్మకు నార తీయడంలో సాయపడు,” అన్నారాయన.

తీర్పు ఎప్పుడో ఖాయం చేసుకున్న మందాకిని విసవిసా నడిచింది. ఊరి బయట నీటిగుంటలో గోగుకట్టలు రాళ్ల బరువు కింద మురుగుతున్నాయి. కంపు గుప్పుమంది. అయినా దిగి, అందిన కర్ర తీసి, బెరడు పట్టి గుంజింది. ఊడిరాలేదు, ముక్కలుగా తెగింది.

“ఏటమ్మా ఆ దూకుడు! కర్రకీ నారకీ మద్దెన జిగురుంటాది. అది కుళ్లకుండా నారెలాగొస్తాది?” అంది అసిరమ్మ.

“మరి ఆ మూల కట్ట అలా నల్లబడిందేం?”

“జొరమొచ్చి నాలుగు రోజులు నాను రానేదు. నార కూడా కుళ్లిపోనాది.” పట్టుకోగానే అది మందాకిని వేళ్ల మధ్య బురదలా జారిపోయింది.

“కంపు రెండింటిదీ ఒక్కటేగా! తీయాల్సిన రోజు ఎలా తెలుస్తుంది?”

“కంపుకేటి తెలస్తాది? రోజూ దిగి, ఓ కర్ర తీసి లాగి సూడాల.”

ఇంకో కట్టలోంచి అసిరమ్మ ఒక కర్ర అందించింది. ఒక్క లాగుకు నార మొదలంటా ఊడి, తెల్లగా మెరిసింది. ఆ తర్వాత ఎంతసేపు గుంటలో ఉందో మందాకినికే తెలియదు.

తిరిగొచ్చాక మాత్రం వాదన వదల్లేదు. “నార సంగతి అర్థమైంది గురువుగారూ. కానీ కూర్మయ్య గోగుకర్ర కాదు. దొంగతనం చేసిన మనిషి.”

“అవును, మనిషే. ఈ పది రోజుల్లో అతనితో ఎన్నిసార్లు మాట్లాడావు?”

ఒక్కసారీ మాట్లాడలేదని గుర్తొచ్చి మందాకిని వసారా చివరికి చూసింది.

“కర్రనైతే లాగి చూశావు,” అన్నారు గురువుగారు. “మనిషిని వాసన మాత్రమే చూశావు.”